వరంలోని షరతు: సూపర్‌హీరో కథలు, తెలుగు ఊహ

దోహా నగరంలో అల్ సద్ వంటి పేటల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలకు స్పైడర్‌మ్యాన్‌ని ఎవరూ పరిచయం చేయనక్కరలేదు. బడిలో ఇంగ్లీషు, ఇరుగుపొరుగున హిందీ, మలయాళం, వీధిలో అరబ్బీ వినే పిల్లలందరికీ ఉమ్మడిగా తెలిసిన కథ అది. ఈ కథల ప్రస్తావన వచ్చినప్పుడు పెద్దవాళ్ళు సాధారణంగా రెండు మాటలంటారు. ఇవి ఉత్త కాలక్షేపమన్నది ఒకటి. ఇవన్నీ మనకు ఎప్పుడో ఉన్నాయి, అసలు మొదటి సూపర్‌హీరో ఆంజనేయుడేనన్నది రెండోది. ఈ రెండో మాటలో సగం నిజముంది. ఆ సగమేమిటో, మిగిలిన సగం ఎక్కడ పొసగదో తేల్చుకుంటే, ఇప్పుడు వస్తున్న కామిక్స్‌నూ యానిమేషన్ చిత్రాలనూ బేరీజు వేయడానికి ఒక కొలబద్ద దొరుకుతుంది.

శక్తి కంటే హద్దు ముఖ్యం

జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1938లో సృష్టించిన సూపర్‌మ్యాన్ మొదట్లో ఎగిరేవాడు కాదు, దూకేవాడు. పోనుపోను అతని శక్తులు పెరిగాయి. అన్నీ చేయగలవాడికి ఆపద ఉండదు, ఆపద లేనిచోట కథ నడవదు. అతన్ని నీరసింపజేసే క్రిప్టొనైట్ అనే రాయి మొదట కామిక్స్‌లో కాక, 1943లో రేడియో నాటకంలో పుట్టింది. కామిక్స్‌లోకి అది 1949లో గానీ రాలేదు. అంటే, ఆ పాత్రకు అతి ముఖ్యమైన హద్దును ఇచ్చింది మూలం కాదు, అనుసరణ.

మన పురాణాలు ఈ రహస్యాన్ని ఏనాడో పట్టుకున్నాయి. హిరణ్యకశిపుడి వరంలో కథను నడిపించేది అతని బలం కాదు, ఆ వరంలో మిగిలిపోయిన సందు: పగలూ రాత్రీ కాని వేళ, ఇంటా బయటా కాని గడప. కర్ణుడి విద్యకు శాపం అడ్డు. అశ్వత్థామకు చావులేకపోవడమే శిక్ష. ఆంజనేయుడికి తన బలం తనకు గుర్తుండదు, సముద్రతీరాన జాంబవంతుడు గుర్తు చేయాలి. ఈ వరాలూ శాపాలూ అన్నిటిలోనూ ఒక షరతు ఉంది. సూపర్‌హీరో కథకూ పురాణానికీ నిజమైన చుట్టరికం కండబలంలో కాదు, ఈ షరతులో ఉంది.

పోలిక అంతటితో ఆగుతుంది. నరసింహుడు స్తంభం నుంచి వెలువడతాడని వినేవాళ్ళకు ముందే తెలుసు. ఎలా వెలువడతాడో చూడటంలోనే ఆ కథారసం ఉంది. 2025లో అశ్విన్ కుమార్ దర్శకత్వంలో వచ్చిన యానిమేషన్ చిత్రం మహావతార్ నరసింహకు ప్రేక్షకులు పోటెత్తింది కూడా తెలిసిన కథలోని ఆ ఘట్టాన్ని చూసి తరించడానికే. సూపర్‌హీరో మానవమాత్రుడు, అతనికి సందేహాలుంటాయి, పొరబడతాడు, ఏది ఎంచుకోవాలో తెలియక సతమతమవుతాడు. దేవుణ్ణి సూపర్‌హీరో అనడం ఇద్దరికీ న్యాయం చేయని పోలిక.

ముగింపు లేని కథల ఇబ్బంది

మరో తేడా కూడా ఉంది. పురాణకథకు ఫలశ్రుతి ఉంటుంది. బాట్‌మ్యాన్ కథకు 1939 నుంచి ముగింపు లేదు, ఎందుకంటే అతను ఒక సంస్థ ఆస్తి. చనిపోయినవాళ్ళు తిరిగి వస్తారు, పెళ్ళిళ్ళు రద్దవుతాయి, గతం తుడిచిపెట్టుకుపోతుంది. అమెరికన్ కామిక్స్ నెలనెలా చదివేవారికి విసుగు పుట్టించేది ఇదే: ఏదీ నిలవదని తెలిసినప్పుడు దేనికీ బరువుండదు.

ఇటీవలి కామిక్స్‌లో నాకు నచ్చినవి ఈ చిక్కును శక్తులు పెంచి కాక, షరతులు మార్చి విప్పినవే. 2024 జనవరిలో జోనథన్ హిక్‌మన్ రచన, మార్కో కెకెత్తో బొమ్మలతో మొదలైన అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్‌లో పీటర్ పార్కర్ ముప్ఫైలు దాటిన సంసారి, ఇద్దరు పిల్లల తండ్రి. సాలీడు అతన్ని యాదృచ్ఛికంగా కుట్టదు. శక్తి కావాలో వద్దో అతనే నిర్ణయించుకోవాలి. పదిహేనేళ్ళ కుర్రవాడి ప్రమాదం కాస్తా నడివయసు మనిషి ఎంపిక అయింది. అదే ఏడాది అక్టోబరులో స్కాట్ స్నైడర్, నిక్ డ్రగోటా మొదలుపెట్టిన అబ్సల్యూట్ బాట్‌మ్యాన్‌లో బ్రూస్ వేన్‌కు ఆస్తి లేదు. అతనొక సివిల్ ఇంజనీరు, తల్లి బతికే ఉంది. డబ్బు తీసేశాక కూడా బాట్‌మ్యాన్ మిగులుతాడా అన్నది అక్కడి ప్రశ్న. వీటికి ఎదురుగా, లోకాలన్నీ ఒకేసారి కూలిపోయే భారీ సంచికలు ఎన్ని వచ్చినా ఒకదానికొకటి నకళ్ళుగానే కనిపిస్తాయి.

అనుసరణకున్న స్వేచ్ఛ

మూలం చేయలేని పని యానిమేషన్ తరచు చేసింది. 1992లో మొదలైన బాట్‌మ్యాన్ యానిమేషన్ ధారావాహికలో హార్లీ క్విన్ పుట్టి, తర్వాత కామిక్స్‌లోకి వెళ్ళింది. మంచు తుపాకీ పట్టుకు తిరిగే మామూలు విలన్ మిస్టర్ ఫ్రీజ్‌కు జబ్బుపడ్డ భార్యనిచ్చి, అతన్ని విషాదపాత్రగా మలిచింది కూడా అదే. రాబర్ట్ కర్క్‌మన్ ఇన్విన్సిబుల్ కామిక్ 2003లో మొదలై 2018లో 144వ సంచికతో ముగిసింది. 2021 నుంచి వస్తున్న దాని యానిమేషన్‌కు గమ్యం ముందే తెలుసు కాబట్టి, అందులో తగిలిన ప్రతి గాయమూ నిలిచి ఉంటుంది.

వీటన్నిటిలో మనకు దగ్గరిది 2023 నాటి స్పైడర్‌మ్యాన్: అక్రాస్ ద స్పైడర్‌వర్స్. ప్రతి స్పైడర్‌మ్యాన్ జీవితంలోనూ అతనికి దగ్గరివాడైన ఒక పోలీసు అధికారి చనిపోయి తీరాలని, లేకుంటే ఆ లోకమే కూలుతుందని మిగెల్ ఓహారా శాసిస్తాడు. తన తండ్రి వంతు వచ్చినప్పుడు మైల్స్ మొరాలెస్ ఆ శాసనాన్ని ధిక్కరిస్తాడు. కథ ఇలాగే ఉండాలనే అభిమానుల మూర్ఖపు పట్టుదలను నేరుగా ప్రశ్నించిన చిత్రమిది. ఆ నియమం తెగేది కూడా ముంబయినీ మాన్‌హాటన్‌నీ కలిపి కట్టిన ఊహానగరంలో, పవిత్ర్ ప్రభాకర్ అనే భారతీయ స్పైడర్‌మ్యాన్ కళ్ళ ముందు. 2004లో ఈ పాత్ర తొలిసారి కామిక్‌గా వచ్చినప్పుడు సాలీడు కాటుకు బదులు ఒక యోగి వరమిచ్చాడు. తక్కిన కథంతా న్యూయార్కు కథకు అచ్చు నకలు. పేర్లూ పంచెకట్టూ మారినంత మాత్రాన కథ మనది కాలేదు.

గల్ఫ్‌లో ఒక ప్రయత్నం

ఖతర్‌కు పొరుగునే, కువైట్‌లో, నయీఫ్ అల్ ముతవా 2006లో ‘ద 99’ కామిక్స్ మొదలుపెట్టాడు. 1258లో మంగోలులు బాగ్దాద్‌ను ధ్వంసం చేసినప్పుడు అక్కడి గ్రంథాలయ జ్ఞానం కొన్ని రత్నాల్లో భద్రమైందనీ, అవి దొరికినవారికి శక్తులు వస్తాయనీ కల్పన. నిజంగా జరిగిన ఒక నష్టం చుట్టూ అల్లిన కథ కావడం దాని బలం. అల్లా నామాలను తలపించే శక్తులను మనుషులకు అంటగట్టడమేమిటని మతపరమైన అభ్యంతరాలు వచ్చాయి. 2010లో అమెరికాలో జస్టిస్ లీగ్‌తో కలిసి సంచికలు వెలువడ్డాయి, తర్వాత యానిమేషన్ కూడా వచ్చింది. అరువు తెచ్చుకున్న రూపానికి సొంత చరిత్రను మూలధనంగా పెట్టవచ్చునని ఆ ప్రయత్నం చూపింది.

తెలుగు దారి

మన సినిమా ఈ దారిలో చాలాకాలంగా నడుస్తోంది. 1951 నాటి పాతాళభైరవిలో కోరిన కోర్కెలు తీర్చే ప్రతిమ ఎవరి చేత చిక్కితే వారిదే. తోటరాముడి చేయి జారితే మాంత్రికుడిది. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్.టి. రామారావు నటించిన సూపర్‌మేన్‌లో శక్తి మరో గ్రహం నుంచి కాక, ఆంజనేయుడి అనుగ్రహంగా వచ్చింది. ప్రశాంత్ వర్మ 2024లో తీసిన హనుమాన్‌లో మళ్ళీ ఆంజనేయుడే, ఈసారి మణి రూపంలో. అయితే ఆ మణి పనిచేసేది సూర్యకాంతి ఉన్నంతసేపే. చీకటి పడితే హనుమంతు మామూలు పల్లెటూరి కుర్రవాడు.

ఆ సినిమాలో నన్ను ఆలోచింపజేసింది మాత్రం మైకేల్. సూపర్‌హీరోలందరూ తల్లిదండ్రులను పోగొట్టుకున్నవాళ్ళేనని గమనించి, చిన్నతనంలోనే కన్నవారిని చంపుకున్న అభిమాని అతను. నియమం తప్పితే లోకం కూలుతుందన్న మిగెల్‌కు ఇతను తెలుగు సోదరుడు. కథను వంటకంలా, దినుసులు కలిపితే తయారయ్యేదిగా భావించేవారి మీద ఇంతకంటే పదునైన విమర్శ మన తెరమీద చూడలేదు. చివరి ఘట్టాల్లో సినిమా దైవసాక్షాత్కారం వైపు మొగ్గేసరికి, ఆ మనిషికున్న హద్దు కథకు అక్కరలేనిదైపోతుంది. అక్కడ నా అసంతృప్తి. అదే ఏడాది కల్కి 2898 ఏ.డి. సినిమాకు ముందుమాటగా, ఛోటా భీమ్‌ను రూపొందించిన హైదరాబాదు సంస్థ గ్రీన్ గోల్డ్ యానిమేషన్ చేతుల మీదుగా బుజ్జి అండ్ భైరవ వచ్చింది. అంటే పనితనానికి మన దగ్గర కొదవ లేదు.

లేనిదల్లా అచ్చులో, తెలుగులోనే పుట్టి నెలనెలా నడిచే సూపర్‌హీరో కామిక్ సంప్రదాయం. డబ్బింగు ఎంత బాగున్నా, ముందు మరో భాషలో ఊహించిన వాక్యానికి పెదవుల కొలత ప్రకారం మాటలు కూర్చడమే. ధభేల్, ఫెళఫెళ, గభాలున, దబదబ అంటూ చప్పుడుకూ కదలికకూ ఇన్ని మాటలున్న భాషకు కామిక్ పేజీ సహజంగా అమరవలసింది.

నమూనా కోసం దూరం వెళ్ళనక్కరలేదు. 1947లో మొదలైన చందమామలో విక్రమార్కుడి భుజాన బేతాళుడు దశాబ్దాలపాటు కథలు చెప్పాడు. సంస్కృతంలో ఉన్నవి పాతికే. చందమామ వందల కొద్దీ కొత్తవి అల్లింది. నోరు విప్పితే శవం చెట్టెక్కుతుంది, తెలిసీ విప్పకపోతే తల పగులుతుంది. ముగింపు లేని కథకు ఇంతకంటే నిజాయితీ గల ఏర్పాటు అమెరికన్ కామిక్స్‌లో నేను చూడలేదు: ఎవరూ చచ్చి బతకనక్కరలేదు, గతం తుడవనక్కరలేదు, ప్రతి నెలా రాజుకు ఒక కొత్త ధర్మసందేహం ఎదురైతే చాలు.

స్పైడర్‌మ్యాన్‌ను ఇష్టపడే పిల్లలకు ఆంజనేయుడే గొప్పవాడని వాదించి చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు. అంత బలవంతుడు తన బలాన్ని మరిచిపోవడమేమిటని వాళ్ళను అడిగి చూడాలి. ఆ ప్రశ్న మీద ఎక్కువసేపు నిలిచి, దాన్ని తెలుగులో ఆలోచించిన పిల్లల్లోనుంచే, అల్ సద్‌లోనైనా అనకాపల్లిలోనైనా, రేపటి తెలుగు కామిక్ రాసేవారు రావాలి.