గుర్రపు పందెం: తెలివి ఉంటే జూదం కాదా?

కొన్నేళ్ల క్రితం ఒక శనివారం. చిత్తూరు సమీపంలోని మా మదరసా వరండాలో జుహ్ర్ నమాజు అనంతరం కూర్చుని ఉండగా, మా విద్యార్థి ఒకరి తండ్రి వచ్చి సలాం చేశారు. వృత్తిరీత్యా ఆయన లారీ మెకానిక్. చేతులకు అంటిన గ్రీజు మరక ఇంకా పూర్తిగా పోలేదు. జేబులోంచి నలిగిన చిన్న పుస్తకం ఒకటి తీసి నా ముందుంచారు. మరునాడు బెంగుళూరులో జరగనున్న గుర్రపు పందేల వివరాలు అందులో ఉన్నాయి.

"హజ్రత్, నిన్నటి జుమా బయాన్‌లో మీరు దీన్ని జూదమన్నారు. పేకముక్క తిప్పినట్లు కాదిది. ఒక్కసారి చూడండి, ఇదీ ఒక చదువే!" అన్నారు.

నేను కాదనలేదు. ఆ మధ్యాహ్నం అస్ర్ అజాన్ వరకు ఆయన చెబుతుంటే విన్నాను. ఖండించదలచిన విషయాన్ని ముందుగా అర్థం చేసుకోవాలని మా ఉస్తాదులు మాకు నేర్పారు.

ఆయన ఒక పందేన్ని ఎంచుకున్నారు. పది గుర్రాలు, 1400 మీటర్ల దూరం. ప్రతి గుర్రం పేరు ప్రక్కనా దాని వయస్సు, తల్లిదండ్రుల వంశం, మోయవలసిన బరువు, జాకీ, శిక్షకుడు, బయలుదేరే గేటు సంఖ్య, గత పరుగుల ఫలితాలు వరుసగా ఉన్నాయి. "ఈ గుర్రం పోయినసారి 1200 మీటర్లలో నాలుగవదిగా వచ్చింది. కానీ చివర్లో వేగం పుంజుకుంది. దూరం పెరిగితే దీనికే మేలు. ఇదిగో, ఇది గెలిచిన గుర్రమే, అయితే గెలిచినందుకు బరువు పెంచారు. దీనికి లోపలి గేటు దొరికింది, మలుపులో దూరం కలిసివస్తుంది. రాత్రి వాన కురిస్తే నేల మెత్తబడుతుంది, అప్పుడు లెక్కంతా మారుతుంది" అంటూ వివరించారు. ఉదయపు సాధనలో ఏ గుర్రం ఎంత సమయంలో పరుగెత్తిందో కూడా పెన్సిలుతో రాసి పెట్టుకున్నారు.

నిజం చెప్పాలంటే నాకు ఆశ్చర్యం కలిగింది. ఆ శ్రద్ధలో సగం మా విద్యార్థులు అరబీ వ్యాకరణంపై పెడితే ఎంత బాగుండునని అనిపించింది. చివరగా ఆయన తన బలమైన వాదాన్ని ముందుంచారు: "సుప్రీంకోర్టే ఇది జూదం కాదని చెప్పింది హజ్రత్!"

పాఠకులారా! ఈ మాట నేడు మన యువకుల నోట తరచుగా వినిపిస్తోంది. కనుక దీన్ని నిదానంగా పరిశీలిద్దాం.

న్యాయస్థానం చెప్పిందేమిటి?

చిత్తూరు, తిరుపతి జిల్లాలలో రేసు మైదానం లేకపోయినా, మనం రెండు పెద్ద మైదానాల నడుమ ఉన్నాం. పడమట బెంగుళూరు, తూర్పున చెన్నైలోని గిండీ. గిండీ పందేల చరిత్ర 1777 నుండి లెక్కకు వస్తుంది. ఇక హైదరాబాదులో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, పందేలు మౌలాలి నుండి మలక్‌పేటకు మారాయి. కాబట్టి ఇది ముస్లిం కుటుంబాలకు తెలియని వ్యవహారం కాదు.

తమిళనాడు ప్రభుత్వం 1974లో గుర్రపు పందేల రద్దుకు చట్టం చేసింది. ఆ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1996 జనవరి 12న వెలువడిన కె.ఆర్. లక్ష్మణన్ కేసు తీర్పులో, గుర్రపు పందెం ప్రధానంగా నైపుణ్యంపై ఆధారపడినదని న్యాయస్థానం నిర్ణయించింది. గుర్రం వంశం, శిక్షణ, జాకీ సామర్థ్యం మొదలైనవి బేరీజు వేయగలిగినవే గనుక, అది కేవలం అదృష్టపు ఆట కాదన్నది. మా మెకానిక్ సోదరుడు చెప్పినది అబద్ధం కాదు.

అయితే న్యాయస్థానం ముందున్న ప్రశ్న వేరు. చట్టంలో 'జూదం' అనే పదానికి గుర్రపు పందెం లోబడుతుందా లేదా అన్నదే అక్కడి ప్రశ్న. అది హలాలా, హరామా అని అక్కడ ఎవరూ అడగలేదు, న్యాయమూర్తులు చెప్పనూ లేదు. పైగా చట్టం దృష్టి కూడా కాలంతో పాటు మారుతుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ ఆటల చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండానే నిషేధించింది.

ఇస్లాం గుర్రాన్ని తప్పుపట్టలేదు

కొందరు భావిస్తున్నట్లు ఇస్లాం గుర్రపు పరుగును నిషేధించలేదు. దైవప్రవక్త (స) స్వయంగా గుర్రాల పోటీలు నిర్వహింపజేశారు. శిక్షణ పొందిన గుర్రాలకు హఫ్‌యా నుండి సనియ్యతుల్ వదా వరకు, శిక్షణ లేని వాటికి అక్కడి నుండి బనీ జురైఖ్ మస్జిదు వరకు పోటీ పెట్టారని, ఆ పోటీలో తానూ పాల్గొన్నానని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. గమనించండి, శిక్షణ పొందిన గుర్రాలను, పొందని వాటిని వేరు చేసి దూరాలు నిర్ణయించారు. అంటే గుర్రం బలాబలాలు తెలుసుకోవటం, దాని పరుగును అంచనా వేయటం పాపం కాదు. అది ఒక విద్య.

మరి బహుమతి సంగతేమిటి? ధర్మవేత్తలు దీన్ని వివరంగా చర్చించారు. పాలకుడో, మూడవ వ్యక్తో బహుమతి ఇస్తే అది ధర్మసమ్మతం. పోటీదారులిద్దరిలో ఒక్కరే "నీవు గెలిస్తే నేనిస్తాను, నేను గెలిస్తే నీవేమీ ఇవ్వనక్కరలేదు" అన్నా అత్యధికుల దృష్టిలో సమ్మతమే. ఇద్దరూ సొమ్ము పెట్టి, గెలిచినవాడు ఓడినవాని సొమ్ము తీసుకునే షరతు పెట్టుకుంటే మాత్రం అది ఖిమార్, అంటే జూదం. సొమ్ము పెట్టకుండా, గెలిచే అవకాశమున్న మూడవ పోటీదారు కూడా చేరితే చాలామంది ఇమాములు అనుమతించారు. ఇమామ్ మాలిక్ (రహ్మ) దాన్నీ అంగీకరించలేదు.

ఈ చర్చలో ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. గుర్రమెక్కి పరుగెత్తించిన ఆ ఇద్దరికీ నిస్సందేహంగా నైపుణ్యం ఉంది. అయినా ఇరువైపులా సొమ్ము ఒడ్డిన పందేన్ని ఫఖీహ్‌లు జూదమనే అన్నారు. అంటే షరీఅత్ అడిగే ప్రశ్న "నీకు తెలివి ఉందా?" అని కాదు. "నీ చేతికి వచ్చిన సొమ్ము ఎవరిది? దానికి బదులుగా నీవు వారికి ఏమిచ్చావు?" అన్నదే. స్వారీ చేసే ఆ ఇద్దరికే లేని మినహాయింపు, మెట్ల మీద కూర్చుని చీటీ కొనేవారికి ఎక్కడిది?

మరొక ఉదాహరణ చూడండి. రోమన్లు కొద్ది సంవత్సరాలలోనే విజయం పొందుతారని దివ్య ఖురాన్ రూమ్ సూరాలో ముందే తెలిపినప్పుడు, హజ్రత్ అబూబక్ర్ (రజి) మక్కా అవిశ్వాసులతో ఆ విషయమై పందెం కాశారు. ఆ జోస్యం నిజమయింది కూడా. కానీ ఈ సంఘటనను ఉల్లేఖించిన తిర్మిజీ గ్రంథంలోనే, ఇది పందెం నిషేధానికి పూర్వం జరిగిందన్న వివరణ ఉంది. ఆయన అంచనా పెన్సిలు గుర్తుల మీద కాదు, దైవవాణి మీద ఆధారపడింది. అంతటి నిశ్చయ జ్ఞానం గల పందేనికే నిషేధం తర్వాత తావు లేకపోయింది. ఇక మన రేసు పుస్తకం ఏపాటిది?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖనంగా ముస్నద్ అహ్మద్‌లో గుర్రాల విషయమై ఒక హదీసు ఉంది. దాని భావమేమిటంటే గుర్రాలు మూడు విధాలు. ఒకటి కరుణామయుని కోసం, ఒకటి మనిషి అవసరం కోసం, ఒకటి షైతాన్ కోసం. పందెం కాసే గుర్రం ఈ మూడవది. గుర్రం అదే. దాని మీద మనిషి పెట్టిన సంకల్పమే దాన్ని వేరు చేసింది.

తెలిసినవారు ఎందుకు ఓడిపోతున్నారు?

"నాకు తెలుసు కాబట్టి గెలుస్తాను" అనేవారి కోసం ఒక చిన్న లెక్క. నూరుగురు మనుషులు తలా 100 రూపాయలు కాశారనుకుందాం. మొత్తం 10,000. అందులో నిర్వాహకుల వాటా, పన్ను కలిపి నూటికి ఇరవై పోయిందనుకుందాం. మిగిలింది 8,000. అందరూ మెచ్చిన గుర్రంపై 40 మంది కాస్తే, అది గెలిచినప్పుడు తలా 200 వస్తుంది. అలాంటి గుర్రం పదింట నాలుగుసార్లు గెలిచినా, 1,000 కాసిన వ్యక్తికి తిరిగి వచ్చేది 800 మాత్రమే. గుర్రాన్ని సరిగానే గుర్తించాడు, అయినా నష్టపోయాడు!

కారణమేమిటంటే, అతని తెలివి పోటీపడుతున్నది గుర్రంతో కాదు, అదే పుస్తకం చదివిన తక్కిన తొంభైతొమ్మిది మందితో. అందరికీ తెలిసిన తెలివికి ధర తగ్గిపోతుంది. పైగా హ్యాండిక్యాప్ పందేలలో మంచి గుర్రానికి జీనులో సీసపు పలకలు పెట్టి బరువు పెంచుతారు. బలమైనది, బలహీనమైనది ఒకేసారి గమ్యం చేరాలన్నదే దాని ఉద్దేశం. అంటే మీ అంచనాకు దొరకకుండా చేయటానికే ఆ ఏర్పాటు. ప్రభుత్వం 2023 అక్టోబరు 1 నుండి పందెం పూర్తి విలువపై 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుండి 40 శాతం జీఎస్టీ విధించింది. పై లెక్కలో నేను తీసుకున్న ఇరవై ఎంత తక్కువో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

అయినప్పటికీ, ఒక్క మాట మరచిపోరాదు. లాభం వస్తే హలాల్ అనీ, నష్టం వస్తే హరామ్ అనీ కాదు. సారా, జూదాలలో ప్రజలకు కొంత ప్రయోజనమూ ఉందని, కానీ పాపమే దానికంటే పెద్దదని బఖరా సూరా 219వ ఆయతు తెలుపుతుంది. మాయిదా సూరా 90, 91 ఆయతులు వాటిని షైతాన్ చేష్టలుగా పేర్కొని, అవి పరస్పర ద్వేషాన్ని పుట్టిస్తాయని, దైవస్మరణ నుండి, నమాజు నుండి మళ్లిస్తాయని హెచ్చరిస్తాయి.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

ఆ శనివారం తర్వాత సుమారు రెండు నెలలకు ఆ సోదరుని భార్య తన అత్తగారిని వెంటబెట్టుకొని మదరసాకు వచ్చింది. తలుపు అవతల నిలబడి మాట్లాడింది. చెవి కమ్మలు తాకట్టులో ఉన్నాయట. దాని గురించి ఆమె ఫిర్యాదు చేయలేదు. అడిగింది ఒక్కటే:

"హజ్రత్, ఆయన నెగ్గిన రోజు బిర్యానీ తెస్తారు. పిల్లలు ఎదురుచూస్తుంటారు. నేను ఆ ముద్ద వాళ్ల నోట్లో పెట్టవచ్చా?"

ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. నన్ను అంతగా కదిలించిన ప్రశ్నలు బహు తక్కువ. ఆమెకు నేను ఇలా చెప్పాను: "అమ్మా, పందెపు సొమ్ముతో తెచ్చినదని స్పష్టంగా తెలిసినది పిల్లలకు పెట్టకు. మీ ఆయన రెంచీ పట్టి సంపాదించినది హలాల్. దానితో వండిన సంగటి ముద్ద ఆ బిర్యానీకంటే శుభప్రదం. వేరే గత్యంతరం లేనప్పుడు ఆకలి తీర్చుకున్న భార్యాబిడ్డలపై కాక, తెచ్చినవానిపైనే పాపభారమని ధర్మవేత్తలు చెప్పారు. భయపడకు. ఆయనతో పిల్లల ముందు గొడవపడకు, కానీ ఈ ప్రశ్ననే ఆయనను అడుగు."

ఆమె అడిగింది. నా రెండు గంటల వాదన చేయలేని పని ఆ ఒక్క ప్రశ్న చేసింది. పది రోజుల తరువాత ఆయన వచ్చి, పాత రేసు పుస్తకాల కట్ట నా ముందుంచారు. నెగ్గిన సొమ్ములో మిగిలిన దానిని ఏం చేయాలని అడిగారు. అసలు యజమానులెవరో తెలిస్తే వారికి తిరిగి ఇవ్వాలని, తెలియనప్పుడు పుణ్యం ఆశించకుండా బీదలకు ఇచ్చి వదిలించుకోవాలని చెప్పాను. తౌబా అంటే చేసినదానికి పశ్చాత్తాపపడటం, వెంటనే మానటం, ఇక చేయనని దృఢంగా నిశ్చయించుకోవటం అని గుర్తుచేశాను.

వెళ్లబోతూ ఆగి, "గుర్రాల మీద ప్రేమ మాత్రం పోదు హజ్రత్" అన్నారు తలవంచుకొని.

"పోనక్కరలేదు భాయి" అన్నాను. అప్పుడే లోపల ఆయన కుమారుడు ఆదియాత్ సూరా కంఠస్థం చేస్తున్నాడు. ఇద్దరం కాసేపు విన్నాం. పదకొండు ఆయతుల ఆ చిన్న సూరా రొప్పుతూ పరుగెత్తే గుర్రాలపై ప్రమాణంతో మొదలవుతుంది. వెంటనే మనిషి తన ప్రభువు పట్ల కృతఘ్నుడని, ధనవ్యామోహంలో తీవ్రంగా మునిగి ఉన్నాడని చెబుతుంది. గుర్రం తన యజమాని కోసం ప్రాణం పణంగా పెట్టి పరుగెత్తుతుంది. మరి మనిషి? ఆ సోదరుడు ఏమీ అనలేదు. కళ్లు తుడుచుకొని వెళ్లిపోయారు.

ఇళ్లలో తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. నేడు గిండీకో, బెంగుళూరుకో వెళ్లనక్కరలేదు, పందెం చరవాణిలో మన గదిలోకే వస్తుంది. రేపు మీ కుమారుడు "ఇది నైపుణ్యం, జూదం కాదు" అని వాదిస్తే కోపగించుకోకండి. అతని తెలివిని కాదనకండి. "నీ తెలివి నిజమే నాయనా, కానీ ఆ సొమ్ము ఎవరిది?" అని మాత్రం అడగండి.

అల్లాహ్ మన ఇళ్లలో వండే ప్రతి ముద్దనూ హలాల్ సంపాదనతో నింపుగాక! మన పిల్లల తెలివితేటలను మేలైన మార్గాన నడిపించుగాక! ఆమీన్.