ఆట ముగియదు, మనమే ముగించాలి



1990లలో మచిలీపట్నం, గుడివాడ ఇళ్లలో టీవీకి తగిలించి మారియో ఆడిన పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులు. 1985లో వచ్చిన ఆ ఆటలో 32 అంచెలు. ఆడినంత వరకు దాచుకునే వీలు లేదు. కరెంటు పోతే మళ్లీ మొదటికే. అందుకే చాలామంది చివర చూడకుండానే మానేశారు.

నేడు ఎక్కడ ఆపామో ఫోనే గుర్తుంచుకుంటుంది. అయినా ఆట పూర్తికాదు, ఎందుకంటే చాలా ఆటలకు చివరే లేదు. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగాలో కొత్త లెవెల్స్ చేరుతూనే ఉన్నాయి.

సగంలో వదిలేయడం జబ్బు కాదు. వదలలేకపోవడమే ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉంది. ఆటపై అదుపు తప్పడం, అన్నిటికన్నా ఆటే ముఖ్యం కావడం, నష్టం తెలిసినా మానలేకపోవడం దాని లక్షణాలు. సాధారణంగా 12 నెలలు ఇలా ఉంటే నిర్ధారిస్తారు. మీరు మాత్రం అంతవరకు ఆగవద్దు. నిద్ర, చదువు దెబ్బతింటుంటే డాక్టరుగారికి చూపించండి. టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఫోను లాక్కోకండి. ఆపే సమయాన్ని ఆట మొదలుపెట్టక ముందే బిడ్డతో కలిసి నిర్ణయించండి. రాత్రి ఫోన్లన్నీ, మీవి కూడా, పడకకు దూరంగా పెట్టండి. దేవుడు రాత్రిని ఇచ్చింది విశ్రాంతి కొరకే.