పాత ఫ్రిజ్‌లో దోసె పిండి: చలికి పొంగేలా, ఎండకు పుల్లబడకుండా

మనం పిండి అంటాం. బెంగళూరులో పెరిగిన మన పిల్లలు హిట్టు అంటారు, చెన్నైలో వాళ్లు మావు అంటారు. పేరేదైనా అవస్థ ఒకటే. జనవరిలో బెంగళూరు, హోసూరుల్లో రాత్రి చలి 15, 16 డిగ్రీలకు దిగితే, రుబ్బిన పిండి తెల్లారినా పొంగదు. మే నెలలో చెన్నైలో అర్ధరాత్రికే పొంగి, పొద్దుటికి నోట పెట్టలేనంత పుల్లబడుతుంది. ఇంట్లో నలుగురికైతే ఉప్మాతో సర్దుకుంటాం. సంక్రాంతికి వందమందికి టిఫిను పెట్టాలన్నా, పిండి అమ్మి ఇల్లు నడుపుకునే అక్కచెల్లెళ్లకైనా ఆ సర్దుబాటు కుదరదు.

పిండిని పులియబెట్టేది మినప్పప్పు, బియ్యంతో పాటే వచ్చే సూక్ష్మజీవులు. అవి వదిలే వాయువుతో పిండి పొంగుతుంది, వాటివల్లే పులుపూ వస్తుంది. 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచితే సాధారణంగా 8 నుంచి 12 గంటల్లో పిండి సిద్ధమవుతుంది. కాబట్టి కావలసింది ఆ వేడిని రాత్రంతా నిలపడమే.

ఈ పనికి దారి చూపింది విదేశాల్లో ఇంట్లో బీరు తయారుచేసుకునేవారు. బీరు రకాన్ని బట్టి కొన్నింటికి 18–20 డిగ్రీలు, కొన్నింటికి 10–12 డిగ్రీలు కావాలి. వాళ్లు పాత ఫ్రిజ్‌కు బయట ఒక చిన్న కంట్రోలర్ తగిలించి ఆ పని సాధించారు. ఇక్కడ మాత్రం లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడం చట్టరీత్యా నేరం. మనం తీసుకోవలసింది వాళ్ల ఫ్రిజ్ ఉపాయాన్నే.

కావలసినవి: పనిచేసే పాత సింగిల్ డోర్ ఫ్రిజ్, ఎస్‌టీసీ–1000 రకం కంట్రోలర్ (సాధారణంగా వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది), ఒక ప్లాస్టిక్ పెట్టె, రెండు త్రీపిన్ సాకెట్లు, పింగాణీ హోల్డర్, 40 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు. ఎల్‌ఈడీ బల్బు చాలినంత వేడి ఇవ్వదు.

కనెక్షన్: కంట్రోలర్ వెనుక ఎనిమిది స్క్రూలు ఉంటాయి. 1, 2లకు కరెంటు. 3, 4లకు వేడిని కొలిచే సెన్సార్ తీగ. 5, 6 వేడిచేసే బల్బుకు. 7, 8 చల్లబరిచే ఫ్రిజ్‌కు. చాలామంది తికమకపడేది ఇక్కడే. 5–6, 7–8ల నుంచి కరెంటు దానంతటది రాదు. అవి కేవలం స్విచ్‌లు. ఫేజ్ తీగను 5కూ 7కూ అందించి, 6 నుంచి బల్బు సాకెట్‌కూ 8 నుంచి ఫ్రిజ్ సాకెట్‌కూ తీసుకోవాలి. న్యూట్రల్, ఎర్త్ నేరుగా రెండు సాకెట్లకూ వెళ్లాలి. ఫ్రిజ్ లోపలి నాబ్‌ను బాగా చల్లదనం వైపు తిప్పి వదిలేయాలి. ఇక ఫ్రిజ్ ఎప్పుడు నడవాలో కంట్రోలరే చూసుకుంటుంది.

సెట్టింగులు: ఎఫ్1లో 29 పెట్టండి. ఎఫ్2లో 1 పెట్టండి. అప్పుడు 30కి చేరితే ఫ్రిజ్, 28కి దిగితే బల్బు పనిచేస్తాయి. 29 రాగానే ఆగుతాయి. ఎఫ్3 అనేది కంప్రెసర్ ఆగాక మళ్లీ మొదలవడానికి పట్టే వ్యవధి. దాన్ని 5 నిమిషాలకు తగ్గించవద్దు. ఆగిన వెంటనే మొదలైతే లోపలి పీడనం సర్దుకోక కంప్రెసర్ పాడవుతుంది. ఎఫ్4 సెన్సార్ చూపే అంకెలో తేడా ఉంటే సరిదిద్దడానికి.

సెన్సార్: దీన్ని గాలిలో వేలాడదీస్తే తలుపు తీసిన ప్రతిసారీ అంకె మారి ఫ్రిజ్ ఊరికే ఆగుతూ నడుస్తూ ఉంటుంది. పిండి గిన్నె పక్కకు టేపుతో అంటించి, పైన చిన్న థర్మోకోల్ ముక్క కట్టండి. తీగను తలుపు రబ్బరు సందులోంచే తీయండి. ఫ్రిజ్ గోడకు రంధ్రం చేయవద్దు, లోపల గ్యాసు గొట్టాలు ఉంటాయి.

జాగ్రత్తలు: ఇది 230 వోల్టుల పని. తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. ఎర్త్, 6 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. బల్బు ప్లాస్టిక్ గోడకూ గిన్నెకూ తగలకుండా ఉండాలి. పెట్టెను నీళ్లు చిందే చోట ఉంచవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి. ఈ ఫ్రిజ్‌లో పాలు, కూర, ముఖ్యంగా ఇన్సులిన్ ఎప్పుడూ పెట్టకూడదు. తెరవని ఇన్సులిన్‌కు 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. ఇందులో రాత్రంతా 29. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఫ్రిజ్ అనగానే మందులు అందులో పెట్టేస్తారు. అందుకే తలుపు మీద "పిండికి మాత్రమే" అని తెలుగులోనూ, మీ ఊరి భాషలోనూ పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. పనివాళ్లకు తెలుగు రాకపోవచ్చు, మనవలకు తెలుగు చదవడం రాకపోవచ్చు.

పిండి పొంగాక బల్బు సాకెట్ ఆపేసి, ఎఫ్1ను 5కి మార్చితే అదే ఫ్రిజ్ పిండిని చల్లగా నిలవుంచుతుంది. ఈ కంట్రోలర్‌కు గడియారం లేదు కనుక ఆ మార్పు మనిషే చేయాలి. పండుగ టిఫినుకు వాడదలచిన సంఘాలు కనీసం వారం ముందు ఒక చిన్న గిన్నె పిండితో పరీక్షించి, మీ ఊరి చలికి ఎన్ని గంటలు పడుతుందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలని మా మనవి.