గట్టు మీద పారేసిన ప్యాకెట్

జీఎం తిండి మనం కూడా తింటున్నామా తాతయ్యా అని అడిగావు కదమ్మా. ఇరవై ఏళ్లుగా తింటూనే ఉన్నాం. అయితే కూరలో కాదు, నూనెలో. మన దేశంలో రైతులు అనుమతితో పండిస్తున్న జీఎం పంట, అంటే జన్యువులు మార్చిన పంట, పత్తి ఒక్కటే. నూటికి తొంభై పాళ్లకు పైగా పత్తి ఇప్పుడు బీటీదే. జిన్నింగ్ మిల్లులో దూది వేరుపడ్డాక గింజ నూనెమిల్లుకు పోతుంది. నూనె శుద్ధిచేసి బజారుకు పంపుతారు. మిగిలిన చెక్క గేదెల దాణాలో కలుస్తుంది. ఆ గేదె పాలే పొద్దున నువ్వు తాగింది.

కంగారు పడకు. బీటీ అనేది మట్టిలో ఉండే ఒక బాక్టీరియా పేరు, బాసిల్లస్ తురింజియెన్సిస్. దాని జన్యువునే పత్తిలో పెట్టారు. ఆ జన్యువు తయారుచేయించే మాంసకృత్తు పురుగు కడుపులోని క్షారానికి కరిగి, పేగు గోడకు అతుక్కుని చిల్లులు పొడుస్తుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం. పైగా అది అతుక్కునే చోటు మన పేగుల్లో లేదు. శుద్ధిచేసిన నూనెలోనైతే మాంసకృత్తే దాదాపు మిగలదు.

అట్లాగని జీఎం అన్నవన్నీ ఒకే గాటన కట్టకూడదు. 1990లలో అమెరికాలో సోయాచిక్కుడులో బ్రెజిల్ నట్ జన్యువు పెట్టి చూశారు. ఆ పప్పు పడనివాళ్లకు ఈ సోయా కూడా పడదని పరీక్షల్లో తేలింది, అక్కడితో మానేశారు. ఏ జన్యువు, ఏ మొక్కలో, ఎందుకు అని దేనికది విడిగా అడగాల్సిందే. మన బీటీ వంకాయ సంగతీ అంతే. హైదరాబాదుతో సహా చాలా ఊళ్లలో జనం మాట విని, 2010 ఫిబ్రవరి 9న కేంద్రమంత్రి జైరాం రమేశ్ దాన్ని ఆపేశారు. బంగ్లాదేశ్ రైతులు 2014 నుంచి వేసుకుంటున్నారు. నన్నడిగితే పరీక్షలు పూర్తిగా చేయించి తేల్చాల్సింది, ఇన్నేళ్లు అటకెక్కించడం ఏమిటి?

ఇక పత్తి దగ్గరికి రా. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ చేలకు చేలే ఊడ్చేసింది. అప్పులు తీర్చలేక రైతులు పురుగుమందే తాగారు. తర్వాత శనగపచ్చ పురుగు. మందు మీద మందు కలిపి కొట్టినా పొద్దున్నే కాయలో తల దూర్చుకుని కనపడేది. అందుకే 2002లో బీటీకి అనుమతి రాగానే పల్నాడు రైతు ఎగబడ్డాడు. మొదటి మూడు రకాలు మనకు సరిపడక 2005లో రాష్ట్రంలో ఆపేశారు. విత్తనం ధర మీద ప్రభుత్వం కంపెనీతో పోట్లాడితే, 1,850 రూపాయల దాకా పలికిన ప్యాకెట్ 2006లో 750కి దిగింది. కాయతొలిచే పురుగు మందు ఖర్చు మాత్రం నిజంగానే తగ్గింది. రసం పీల్చే పురుగులకు బీటీతో పనే లేదు, వాటికి మందు తప్పలేదు.

ఆ రోజుల్లో 450 గ్రాముల ప్యాకెట్‌కు తోడు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ ఒకటి ఇచ్చేవారు. అవి బీటీ లేని గింజలు. చేను చుట్టూ అయిదు వరసలు వేయమన్నారు. చాలామంది గట్టు మీద పారేశారు. కావాలని పురుగును మేపడానికి ఎకరంలో చోటెవరిస్తారు? కానీ కిటుకంతా అందులోనే ఉంది. బీటీని తట్టుకునే పురుగు లక్షల్లో ఒకటి ఉంటుంది. పక్కనే మామూలు పత్తి తిని పెరిగిన రెక్కలపురుగులు బోలెడు ఉంటే, అది వాటితోనే జతకడుతుంది, పిల్లలు బీటీకి చస్తాయి. మామూలువి లేకపోతే తట్టుకున్నది తట్టుకున్నదాన్నే చూసుకుంటుంది.

శనగపచ్చ పురుగుకు శనగ, కంది, టమాటా అన్నీ తిండే. ఆ చేలలో మామూలువి పెరుగుతూనే ఉంటాయి. గులాబీరంగు పురుగుకు పత్తి తప్ప దాదాపు ఇంకేమీ ఎక్కదు. 2010 నాటికి గుజరాత్‌లో మొదటి బీటీని, ఆ తర్వాత అయిదేళ్లలోపే రెండు జన్యువుల బీజీ-2ను కూడా అది జయించేసింది. రేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డిపూలు చూశావా? ఒకటి విప్పితే లోపల చిన్న పురుగు. పెద్దదైతే కాయలోకి దూరి గింజలు తింటుంది. కాయ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, తీరా పగిలాక ఎర్రమచ్చల గుడ్డిపత్తి.

అమెరికాలో మామూలు పత్తి కూడా వేసుకుంటూ, తర్వాత పిల్లలు పుట్టని గొడ్డు రెక్కలపురుగుల్ని కోట్లలో వదిలి, 2018లో ఈ పురుగు పీడ విరగడైందని ప్రకటించుకున్నారు. మనకిప్పుడు 475 గ్రాముల ప్యాకెట్‌లోనే మామూలు గింజలు కలిపేసి అమ్ముతున్నారు, ఏరి పారేయడానికి వీల్లేకుండా. పురుగు నేర్చుకోకముందే చేసుంటే బాగుండేది.