ఉద్దానం ఇంట్లో బొమ్మల నవల

కవిటి: కొబ్బరి దింపి బతికిన ఒక తండ్రి కథను ఆయన కొడుకు, కూతురు కలిసి కంప్యూటరు మీద నవలగా రాస్తున్నారు. మూత్రపిండాల జబ్బుతో ఆ తండ్రి 2016లో చనిపోయాడు. కవిటి మండలానికి చెందిన ఈ కుటుంబం తమ పేర్లు, ఊరి పేరు పత్రికలో వేయవద్దని కోరింది. ఉద్దానంలో ఏ ఊరి పేరు వేసినా సరిపోతుందని కొడుకు ఈ విలేఖరితో అన్నాడు.

ఇది అచ్చులో వచ్చే నవల కాదు. దీన్ని విజువల్ నావెల్ అంటారు. జపానులో కుర్రకారుకు బాగా అలవాటైనది. తెర మీద ఒక బొమ్మ ఉంటుంది. అది ఇల్లు కావచ్చు, బస్టాండు కావచ్చు, ఆసుపత్రి వరండా కావచ్చు. దాని ముందు మనుషులు నిలబడతారు. కింద మాటలు ఒక్కొక్క వరుసే పడతాయి. వేలితో తాకితే తరువాతి మాట వస్తుంది. అక్కడక్కడ కథ ఆగి రెండు మూడు దారులు చూపిస్తుంది. చదివేవారు ఏది తాకితే కథ అటు సాగుతుంది. తోలుబొమ్మలాటలో బొమ్మల పుల్లలు చూసేవాళ్ల చేతికే ఇచ్చినట్టన్నమాట.

రాస్తున్న యువకుడు జిరాక్సు, డీటీపీ షాపులో పనిచేస్తున్నాడు. రాత్రి షాపు మూశాక అదే కంప్యూటరు మీద రెండు గంటలు కూర్చుంటాడు. యజమాని అభ్యంతరం చెప్పలేదు, కరెంటు బిల్లు సంగతి మాత్రం గుర్తు చేస్తుంటాడట. ఇందుకు వాడే రెన్‌పై అనే సాఫ్టువేరు 2004 నుంచి ఉచితంగా దొరుకుతోంది. మొదట్లో తెలుగు అక్షరాల ఒత్తులు విడివిడిగా పడేవని, కొత్తది వేసుకున్నాక ఆ బాధ తీరిందని చెప్పాడు. బొమ్మలు సొంతమే. సెల్‌ఫోనుతో తోటల ఫొటోలు తీసి, వాటి మీద గీతలు గీసి రంగు వేస్తాడు. మనుషుల ముఖాలు మాత్రం సరిగా కుదరడం లేదు. తండ్రి ముఖం అసలే గీయలేదు. ఎక్కడ చూసినా ఆయన వీపు, భుజం మీద మోకు కనిపిస్తాయి.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల వారికి ఈ జబ్బు గురించి చెప్పనక్కర లేదు. ఎందుకు వస్తున్నదో నేటికీ తేలలేదు. షుగరు, బీపీ లేనివారికీ వస్తుంది. నొప్పి ఉండదు. మూత్రపిండాలు చాలావరకు పాడయ్యాకే కాళ్ల వాపు, ఆయాసం, వాంతులు మొదలవుతాయి. ఈ తండ్రికీ అలాగే జరిగింది. 2014లో ఒకనాడు సగం చెట్టు ఎక్కి, ఆయాసంతో దిగిపోయాడు. అప్పుడు చేయించిన రక్త పరీక్షలో క్రియాటినిన్ 9 దాటింది. మామూలుగా అది 1కి అటూ ఇటూ ఉండాలి.

నవలలో మొదటి మలుపు ఇదే. తెర మీద మూడు దారులు వస్తాయి. 'ఇప్పుడే విశాఖ వెళ్లాలి', 'జీడిపిక్కలు అమ్మాక వెళ్లాలి', 'ఊళ్లోనే సూది వేయించాలి'. మొదట రాసినప్పుడు మూడూ పనిచేసేవి. మొదటిది తాకితే తండ్రి ఇంకా చాలా ఏళ్లు బతికేవాడు. తల్లికి చదువు రాదు కనుక కొడుకు చదివి వినిపించాడు. ఆమె మొదటి దారే తాకమంది. విశాఖ బొమ్మ రాగానే ఆపమంది.

"అప్పుడు మనకాడ డబ్బులేవిరా? ఈ మాట తాకితే ఆటో వచ్చీసిందేటి?" అని అడిగింది. ఆ తరువాత రెండు రోజులు ఫోను ముట్టలేదు.

ఇప్పుడు ఆ మొదటి దారి తెర మీద ఉంది కానీ, వెలిసిపోయిన రంగులో ఉంది. ఎన్నిసార్లు తాకినా పలకదు. జీడిపిక్కలు అమ్మిన డబ్బు చేతికొచ్చాకే రంగు తేలుతుంది. అప్పటికి కథలో ఏడు వారాలు గడిచిపోతాయి.

ఇంటి జబ్బును ఇలా తెర మీదికి ఎక్కించినవారు ఇంతకుముందూ ఉన్నారు. అమెరికాలో రయాన్ గ్రీన్, ఏమీ గ్రీన్ దంపతుల కొడుకు జోయెల్ ఐదేళ్ల వయసులో 2014లో క్యాన్సరుతో చనిపోయాడు. బిడ్డ బతికుండగానే వారు మొదలుపెట్టిన 'దట్ డ్రాగన్, క్యాన్సర్' అనే ఆట 2016లో వచ్చింది. అందులో ఆసుపత్రి గదిలో బిడ్డ ఏడుస్తూ ఉంటాడు. ఆడేవారు ఏం చేసినా ఏడుపు ఆగదు. కవిటి కుర్రవాడు దాన్ని ఆడలేదు, దాని వీడియో చూశాడు. పూర్తిగా చూడలేకపోయానన్నాడు.

డయాలిసిస్ ఆరోగ్యశ్రీలో ఉచితంగానే జరిగింది. కానీ అప్పట్లో అందుకోసం శ్రీకాకుళం వెళ్లాల్సి వచ్చేది. వారానికి మూడుసార్లు చేయాలని డాక్టరు చెబితే, వీరు రెండుసార్లే వెళ్లగలిగారు. రోగికి, తోడు మనిషికి రైలు చార్జీలు, తిండి, పైమందులు, పోయిన కూలీ లెక్క వేరు. నవలలో తెర పైమూలన ఒక అంకె కనిపిస్తుంది. అది చేతిలో ఉన్న డబ్బు. ఆటల్లో మామూలుగా అక్కడ ప్రాణం అంకె ఉంటుందట. ఈ మార్పు ఈ విలేఖరికి బాగా నచ్చింది.

రక్తం తీసి ఎక్కించడానికి చేతిలో ధమనిని, సిరను కలిపి కుడతారు. దాన్ని ఫిస్టులా అంటారు. అది పాకానికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక ముందే చేయించుకోవాలి. ఆలస్యంగా వెళ్లినందున ఈయనకు మొదట మెడలో గొట్టం వేశారు. ఫిస్టులా ఉన్న చేతితో బరువు ఎత్తకూడదు, ఆ చేతికి బీపీ చూడకూడదు. ఇక చెట్టు ఎక్కే మాటే లేదు. చెవి ఆనిస్తే లోపల రక్తం ఝుమ్మంటుంది. చిన్నతనంలో కొడుకు రోజూ అలా చెవి పెట్టి వినేవాడు. ఆ పుటలో మాటలేమీ లేవు, ఆ చప్పుడు మాత్రమే వినిపిస్తుంది.

ఒళ్లు నొప్పులకు దుకాణంలో కొనే మాత్రలు అతిగా వాడితే మూత్రపిండాలకు చేటని, క్రియాటినిన్, మూత్ర పరీక్షలు ఏ బాధా లేనప్పుడే చేయించుకోవాలని డయాలిసిస్ కేంద్రంలో పనిచేసే ఒక టెక్నీషియను చెబితే అవీ కథలో చేర్చారు. పాఠకులు నవల వచ్చేదాకా ఆగనక్కర లేదు.

ఆ రోజులతో పోలిస్తే కొంత మారింది. సోంపేట, పలాసల్లోనే డయాలిసిస్ దొరుకుతోంది. రోగులకు నెలకు 10 వేల రూపాయల పింఛను 2019లో వచ్చింది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి తాగునీరు ఇచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. తల్లి మాత్రం ఈ సంగతులు నవలలో పెట్టవద్దంది. వాళ్ల నాన్న వాటిని చూడలేదు గదా అన్నది ఆమె మాట.

అసలు చిక్కు కూతురి దగ్గర వచ్చింది. తండ్రితో రైలెక్కి వెళ్లింది ఆమే. అప్పుడు ఇంటరు రెండో సంవత్సరం చదువుతోంది, పరీక్షలు రాయలేదు. తమ్ముడు రాసిన దానిలో అక్క 'నేనే వెళ్తాను నాన్నా' అని ముందుకొస్తుంది. అది చదివి ఆమె కోప్పడింది. తాను ముందుకు రాలేదని, తల్లి కూలికి పోతే తప్ప ఇల్లు గడవదు కనుక పంపారని, రైల్లో పుస్తకం తెరిస్తే తండ్రి కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడని చెప్పింది. ఇన్నేళ్లలో ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. "అప్ప అంత మాట మనసులో పెట్టుకుందని నాకు తెలీదు" అన్నాడు తమ్ముడు.

మూడో భాగం ఇప్పుడు ఆమే రాస్తోంది. అత్తవారింట్లో పనులు తెమిలాక నోటుబుక్కులో పెన్సిలుతో రాసి, పుటల ఫొటోలు తమ్ముడి ఫోనుకు పంపుతుంది. ఆమె రాసిన చోట దారులు చూపించే తెర ఇంతవరకు ఒక్కటీ రాలేదు. పూర్తయ్యాక ఎవరైనా ఫోనులో ఉచితంగా చదువుకోవచ్చని చెప్పారు. గత వారం వచ్చిన పుటల్లో రైలు ఇంకా నౌపడా దాటలేదు.