చిగురు వెనక్కి జరిగితే ముందు అడగాల్సింది కారణమే

చల్లని నీళ్లు తగిలితే ఒక్క పన్ను దగ్గరే జివ్వుమంటుంది. అద్దంలో చూస్తే ఆ పన్ను పక్కవాటికన్నా పొడుగ్గా ఉంటుంది. గోరు పెడితే చిగురు అంచున చిన్న గాడి తగులుతుంది. పన్ను పెరగలేదు. దాన్ని కప్పి ఉన్న చిగురు వెనక్కి జరిగి, వేరు బయటపడింది.

హైదరాబాద్‌లోని హఫీజ్‌పేట్, మియాపూర్, కొండాపూర్ రోడ్లలో డెంటల్ క్లినిక్‌లకు కొదవ లేదు. బోర్డుల మీద అలైనర్లు, ఇంప్లాంట్లు, తెల్లని పళ్లు కనిపిస్తాయి. చిగుళ్ల మాట అరుదు. అందుకే జివ్వుమనగానే చాలామంది మందుల షాపులో సెన్సిటివిటీ పేస్టు కొనుక్కుని ఊరుకుంటారు. ఆ పేస్టు బాధను తగ్గిస్తుంది, జరిగిన చిగురును తిరిగి తేలేదు. బాధ తెలియని ఆ నెలల్లో చిగురు ఇంకాస్త జరగవచ్చు.

పంటి పైభాగానికి గట్టి ఎనామెల్ ఉంటుంది. వేరుకు ఉండేది సిమెంటమ్ అనే పలుచని పొర. చిగురు తొలగితే బ్రష్షుకే అది అరిగిపోతుంది. దాని కిందున్న డెంటిన్‌లో కంటికి కనిపించని సన్నని గొట్టాలుంటాయి. చల్లదనానికి వాటిలోని ద్రవం కదిలి, లోపలి నరానికి కబురు చేరుతుంది. మెత్తగా ఉండటం వల్ల వేరు తొందరగా పుచ్చుతుంది కూడా.

కారణాలు వేరువేరు, చికిత్స కూడా వాటినిబట్టే. నోరు శుభ్రంగా ఉండి, కోరపళ్లు, వాటి వెనకవాటి దగ్గరే చిగురు జరిగితే మొదట అనుమానించాల్సింది తోముడునే. గట్టి బ్రష్షుతో అడ్డంగా, బలంగా రుద్దేవారిలో ఇది సాధారణం. బొగ్గుపొడి, ఇటుకపొడి కూడా ఇంతే. చిగురు పుట్టుకతోనే పలుచగా ఉన్నవారికి నష్టం మరీ త్వరగా జరుగుతుంది. చెంపలో ఒకేచోట ఖైనీ పెట్టేవారికి సరిగ్గా అక్కడి చిగురే దిగుతుంది. సిగరెట్ల తీరు ఇంకా మోసకారిది. పొగ తాగేవారిలో చిగుళ్ల నుంచి రక్తం తక్కువగా వస్తుంది కాబట్టి, జబ్బు ముదురుతున్నా అంతా బాగున్నట్టే ఉంటుంది.

పెద్దయ్యాక పళ్లు సరిచేయించుకునేవారిలోనూ చిగురు జరగవచ్చు. పన్నును ముందువైపు పలుచని ఎముక దాటి బయటికి నెడితే, ముఖ్యంగా కింది ముందుపళ్ల దగ్గర, చిగురు నిలవదు. క్లిప్పులకైనా అలైనర్లకైనా ఒప్పుకునే ముందు చిగుళ్ల మందం చూడమని అడగండి. ఈ ప్రశ్నకు విసుక్కునే డాక్టరు దగ్గర మొదలుపెట్టకపోవడమే మంచిది.

ఇక పాచి, గార. మన ఇళ్లలో బలంగా పాతుకుపోయిన భయం ఒకటి: గార తీయిస్తే పళ్లు వదులవుతాయని, సందులు పడతాయని. ఈ భయం వల్లే ఎన్నో పళ్లు ఊడుతున్నాయి. గార పేరుకున్న చోట చిగురు వాచి ఉబ్బుతుంది, కింద ఎముక కరుగుతుంది. వాపూ గారా కలిసి ఆ ఖాళీని కప్పేస్తాయి. గార తీశాక వాపు తగ్గి చిగురు అసలు స్థాయికి వస్తుంది, అంతకుముందే పోయిన ఎముక లోటు అప్పుడు కనిపిస్తుంది. సందు క్లీనింగ్ చేసింది కాదు, ఏళ్ల తరబడి గార చేసింది. మధుమేహం అదుపులో లేనివారిలో ఇది మరింత వేగంగా సాగుతుంది.

చిగురు మళ్లీ కప్పుకుంటుందా అన్నదానికి జవాబు పళ్ల మధ్యనున్న ఎముకలో ఉంది. 1985లో మిల్లర్, 2011లో ఇటలీకి చెందిన కైరో అనే నిపుణులు చేసిన వర్గీకరణలు రెండూ పళ్ల మధ్యనున్న ఆధార కణజాలం ఎంత పోయిందన్నదాన్ని లెక్కలోకి తీసుకున్నాయి. పక్కల ఎముక నిలిచి ఉంటే వేరు పూర్తిగా కప్పే అవకాశం ఉంది. అక్కడా బాగా కరిగిపోయి ఉంటే కొంతవరకే. అలాంటప్పుడు పూర్తిగా వస్తుందని మాటిస్తే నమ్మకండి.

చికిత్సలో చిగురును వదులుచేసి పంటి మీదికి లాగి కుట్టడం ఒక పద్ధతి. అంగిలి నుంచి చిన్న కణజాలపు ముక్క తీసి, దాని కింద అమర్చి కుట్టడం మరొకటి. పలుచని చిగురుకు ఇది నమ్మకమైనది. అంగిలి గాయం కొన్ని వారాల్లో మానుతుంది. పొగ తాగుతుంటే ఫలితం దెబ్బతింటుంది. జరిగిన ప్రతి చిగురుకూ ఆపరేషన్ అక్కర్లేదు. బాధ లేక, ఏళ్లుగా అలాగే ఉంటే కారణాన్ని సరిచేసి, కొలుస్తూ ఉంటే చాలు.

చాలా ఆరోగ్య బీమా పాలసీలు, ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప, పంటి ఖర్చు ఇవ్వవు. ఖర్చు భయం ఉన్నవారికి అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే దగ్గరే. అక్కడైనా, మీ వీధి క్లినిక్‌లోనైనా, చిగుళ్ల నిపుణుణ్ణి రెండు మాటలు అడగండి: నా చిగురు ఎందుకు జరిగింది, ఇప్పటికి ఎన్ని మిల్లీమీటర్లు జరిగింది? ఆ అంకెను రాసుకుని, ఆరు నెలలకు మళ్లీ కొలిపించుకోండి.