ఓవెన్ లేదు, పాలు లేవు – చాక్లెట్ కుకీ మాత్రం ఉంది

వంట గురించి వ్యాసమా, అదీ కాలేజీ సంచికలోనా అని కనుబొమలు ఎగరేసే మిత్రులకు ముందుగా ఒక మనవి. ఇందులో సగం వంట, సగం రసాయన శాస్త్రం. వంట ఇష్టంలేని వాళ్లు రసాయన శాస్త్రం చదువుకోవచ్చు. రెండూ ఇష్టంలేని వాళ్లు వెనక పేజీల్లో గ్రూపు ఫోటోలు చూసుకోవచ్చు. నాకేమీ అభ్యంతరం లేదు.

అమెరికాలో ఇళ్లల్లో చాలా కాలంగా చేసుకుంటున్న కుకీ ఒకటున్నది. 'నో-బేక్ కుకీ' అంటారు. అంటే ఓవెన్‌లో కాల్చనిది. పంచదార, కోకో, పాలు, వెన్న గిన్నెలో వేసి బాగా మరగనిచ్చి, అందులో ముద్దగా నూరిన వేరుశనగ పప్పు, ఓట్స్ కలిపి, చెంచాతో కాగితం మీద పెట్టేస్తే కాసేపటికి గట్టిపడుతుంది. అంతే వంట. అక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో దీనికి 'ప్రీచర్ కుకీ' అని ఇంకో పేరుంది. చర్చి పాస్టరుగారు చెప్పాపెట్టకుండా వస్తూ కిటికీలోంచి కనబడితే, ఆయన వచ్చి కూర్చునేలోగా పళ్లెంలో పెట్టెయ్యవచ్చునని ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. మన ఇళ్లల్లో చుట్టం గుమ్మంలో కనబడగానే ఉప్మాకి ఎసరు పెట్టినట్టన్నమాట.

దీన్ని పాలూ వెన్నా లేకుండా చెయ్యవలసిన అవసరం నాకెందుకు వచ్చిందో చెబుతాను. హాస్టల్లో నా గదిలోనే ఉండే అమ్మాయి నాకంటే ఒక ఏడాది జూనియరు. నన్ను అక్కా అంటుంది. ఆమెకు పాలు పడవు. పడకపోవటమంటే కడుపు ఉబ్బరించటం కాదు. ఆమె చేరిన సంవత్సరం ఎవరిదో పుట్టినరోజుకు కేకు వచ్చింది. "ఎగ్‌లెస్ అండీ, ఏమీ కాదు" అన్నారు తెచ్చినవాళ్లు. గుడ్డు లేనంత మాత్రాన పాలు లేనట్టా? గుడ్డు లేని లోటు తీర్చటానికి అలాంటి కేకుల్లో చాలావాటిలో కండెన్స్‌డ్ మిల్కు పోస్తారు. ఒక్క ముక్క తిన్న పది నిమిషాల్లో ఆమె పెదవులు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి అందలేదు. ఆటోలో ఎక్కించుకుని ఆస్పత్రికి పరుగెత్తాం. ఇంజెక్షన్ ఇచ్చి, రాత్రంతా ఉంచుకుని మర్నాడు పంపించారు. ఆ తరవాత ఎవరి పుట్టినరోజుకు పిలిచినా, "మీరు వెళ్లి రండి అక్కా, నాకు రికార్డు రాసుకునేది ఉంది" అనటం మొదలుపెట్టింది. రికార్డు అంత తరచుగా రాసుకునేదేమీ ఉండదని మనందరికీ తెలుసు గదా.

ఇక్కడ ఒక తేడా స్పష్టంగా చెప్పుకోవాలి. పాలు పడకపోవటం రెండు రకాలు. మొదటిది లాక్టోజు అరగకపోవటం. పాలలో ఉండే చక్కెర లాక్టోజు. దాన్ని విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైము పసితనంలో పుష్కలంగా ఉండి, పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది. అప్పుడు అరగని లాక్టోజును పెద్దపేగులోని సూక్ష్మజీవులు తినేసి వాయువు పుట్టిస్తాయి. కడుపులో గుడగుడలు, విరేచనాలు. బాధే గాని ప్రాణం మీదికి రాదు. ఇలాంటివాళ్లు తరచు పెరుగు తినగలుగుతారు, ఎందుకంటే తోడుకునేటప్పుడే బాక్టీరియా కొంత లాక్టోజును ఖర్చు చేసేసి ఉంటుంది.

రెండోది ఎలర్జీ. ఇక్కడ గొడవ చక్కెరతో కాదు, కేసిన్ వంటి పాల ప్రొటీన్లతో. శరీరపు రక్షణ వ్యవస్థ వాటిని శత్రువులనుకుని విరుచుకుపడుతుంది. వీళ్లకు పెరుగూ పనికిరాదు, లాక్టోజు తీసేసిన పాలూ పనికిరావు. పాలు కలిపిన గరిటె తుడిచి వాడినా ప్రమాదమే. మా జూనియరుది ఈ రెండో రకం. "కొంచెం తింటే ఏమవుతుందమ్మా, అలవాటవుతుంది" అనే పెద్దలు మన చుట్టూ చాలామంది ఉన్నారు. వాళ్ల ప్రేమకు నమస్కారం. కాని ఆ సలహా పాటించకూడదు. ఎవరికి ఏది పడదో తేల్చవలసింది డాక్టరు.

ఇక చాక్లెట్ సంగతి. చాక్లెట్ అనగానే పాలు గుర్తుకు రావటం ఈమధ్య వచ్చిన అలవాటే. మధ్య అమెరికాలోని మాయా ప్రజలు, మెక్సికోలోని ఆజ్టెక్కులు కోకో గింజలను నూరి నీళ్లలో కలిపి, మిరపకాయ కూడా వేసుకుని తాగేవారు. అక్కడ ఆవులే లేవు. స్పెయిన్ వాళ్లు వెళ్లాకనే వచ్చాయి. 1828లో హాలండ్‌లో వాన్ హౌటెన్ అనే ఆయన కోకో ముద్దను యంత్రంలో పిండి, కొవ్వును వేరుచేసి, మిగిలిన పిప్పిని పొడి కొట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. మనం డబ్బాలో కొనే కోకో పొడి అదే. స్విట్జర్లాండ్‌లో డానియల్ పీటర్ పాల చాక్లెట్ తయారు చేసింది 1875 ప్రాంతంలో. అంటే పాలు వచ్చి చాక్లెట్ బిళ్లలో చేరి నూట యాభై ఏళ్లు. అంతకు ముందు వేల ఏళ్లు చాక్లెట్ పాలు లేకుండానే బతికింది.

అయినా నేటి అంగట్లో పాలు ఎక్కడెక్కడ దాక్కుంటాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 'డార్క్ చాక్లెట్' అని రాసి ఉన్నా వెనక అట్ట మీద 'మిల్క్ సాలిడ్స్' ఉండవచ్చు. పాలలో కలుపుకు తాగే చాక్లెట్ పొడుల్లో పాలపొడి తరచు ఉంటుంది. 'నాన్-డెయిరీ క్రీమర్' అని బోర్డు కట్టుకున్న పొడిలో సోడియం కేసినేట్ ఉండటం కద్దు. అది పాల ప్రొటీనే. కొన్ని మార్గరీన్లలో కూడా పాల పదార్థం ఉంటుంది. పాకెట్ మీది పచ్చ చుక్కను నమ్ముకుంటే లాభంలేదు, అది శాకాహారం అని మాత్రమే చెబుతుంది. మన దేశంలో పాలు శాకాహారమే గదా. ఇటువైపు పేరు చూసి అనవసరంగా భయపడేవీ ఉన్నాయి. కోకో బటర్ అంటే కోకో గింజలోని కొవ్వు. పీనట్ బటర్ అంటే వేరుశనగ ముద్ద. బటర్ పేపర్లో బటరూ లేదు, దాదాపు రుచీ లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. అమెరికా వాళ్ల గిన్నెలోంచి పాలూ వెన్నా తీసేస్తే ఏం పోతుంది? పాలలో నూటికి 87 పాళ్లు నీళ్లు. ఈ వంటలో పాల పని ముఖ్యంగా పంచదారను కరిగించటం. ఆ పని పంపు నీళ్లు కూడా చేస్తాయి. వెన్నలో 80 పాళ్లు కొవ్వు, సుమారు 16 పాళ్లు నీళ్లు. కొవ్వు బదులు కొబ్బరినూనె, తగ్గిన నీటి బదులు మరో చెంచా నీళ్లు. లెక్క సరిపోయింది. పాల వాసన పోతుంది, నిజమే. దాని చోట వేయించిన వేరుశనగ వాసన ఉంటుంది. నా నాలుకకు అదే బాగుంది.

కొబ్బరినూనె విషయంలో ఒక హెచ్చరిక. చలి దేశాల్లో కొందరు కోకో, కొబ్బరినూనె కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, పొయ్యి కూడా వెలిగించకుండా కుకీలు చేస్తారు. కొబ్బరినూనె సుమారు 24, 25 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కోస్తాలో మనకు ఏడాదిలో ఎక్కువ రోజులు అంతకంటే వేడే. ఫ్రిజ్‌లోంచి తీసి హాస్టల్ మెట్లెక్కేలోగా అవి కారిపోయి చేతికంటుకుంటాయి. కనుక మన ఊళ్లల్లో కుకీని నిలబెట్టవలసింది కొవ్వు కాదు, పాకం. పాకం సంగతి మన ఇళ్లల్లో కొత్తగా నేర్చుకోనక్కరలేదు.

దసరా సెలవుల్లో మా ఇంట్లో గిన్నె పొయ్యి మీద పెట్టాను. మా అమ్మమ్మ వచ్చి తొంగిచూసింది.

"ఏమిటే అది, తారులాగా?"

"చాక్లెట్ బిళ్లలు అమ్మమ్మా. పొంగు వచ్చాక ఒక్క నిమిషం మరగనివ్వాలట."

"నిమిషమేమిటే! పాకం గడియారం చూసి వస్తుందా? గిన్నెలో కాసిని చన్నీళ్లు తే."

ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్లు శాస్త్రీయం. పొయ్యి మంట, గిన్నె వెడల్పు, చేసే పాళ్లు మారితే నిమిషం లెక్క మారిపోతుంది. కావలసినది సమయం కాదు, గాఢత. నీళ్లు ఆవిరైపోయేకొద్దీ పాకం గాఢమవుతుంది, గాఢమయ్యేకొద్దీ దాని మరుగు స్థానం 100 డిగ్రీలు దాటి పైకి పోతుంది. 110–112 డిగ్రీల దగ్గర పాకంలో నూటికి 80 పాళ్లకు పైగా పంచదారే. మామూలు గది వేడిలో నీళ్లు ఇముడ్చుకోగలిగేది నూటికి సుమారు 67 పాళ్లే. చల్లారుతున్నకొద్దీ ఆ ఎక్కువైనది కరిగి ఉండలేక సన్నని పలుకులుగా విడిపోతుంది. ఆ పలుకులే ఓట్స్‌ను పట్టి ఉంచే సిమెంటు. ముందే దించితే ఎంతసేపటికీ గట్టిపడక జావలా ఉంటుంది. ఎక్కువ మరిగిస్తే గిన్నెలోనే బిగిసి పొడిపొడిగా రాలిపోతుంది. అమ్మమ్మ నీళ్లలో ఒక చుక్క వేసి, వేళ్లతో దగ్గరికి తీసి, మెత్తటి ఉండ కాగానే "దించెయ్" అంది. అప్పుడే నేను పెట్టిన థర్మామీటరు 112 చూపించింది. ఆవిడ దాన్ని చూడనైనా లేదు.

గులాబ్‌జాముల పాకం పలుకు కట్టకుండా నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతారు. ఆ ఆమ్లం పంచదారలో కొంత భాగాన్ని గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడగొట్టి పలుకులను అడ్డుకుంటుంది. ఇక్కడ మనకు పలుకు కావాలి కనుక నిమ్మకాయ జోలికి పోవద్దు. బెల్లంలో ఈ విడిపోయిన చక్కెరలు సహజంగానే ఉంటాయి. పూర్తిగా బెల్లంతో చేస్తే సాగుతూ జిగటగా ఉంటుంది. సగం సగం వేస్తే రుచీ ఉంటుంది, నిలబడుతుంది కూడా.

పాళ్లు చెబుతాను. పదిహేను బిళ్లలకు: పంచదార 200 గ్రాములు, తియ్యదనం కలపని కోకో పొడి 15 గ్రాములు, నీళ్లు 70 మిల్లీలీటర్లు, కొబ్బరినూనె 55 గ్రాములు, వేరుశనగ ముద్ద 65 గ్రాములు, త్వరగా ఉడికే రకం ఓట్స్ 140 గ్రాములు, చిటికెడు ఉప్పు. వేరుశనగ గుళ్లను దోరగా వేయించి, పొట్టు తీసి, మిక్సీలో ఆపి ఆపి తిప్పితే మొదట పొడి అవుతుంది, తరవాత నూనె వదిలి ముద్దవుతుంది. ఓపిక పట్టాలి, నీళ్లు పొయ్యరాదు. ఓట్స్ అంటే గింజను ఆవిరి పట్టి నొక్కి పలుచన చేసినవి, పాశ్చాత్యుల అటుకులే అనుకోండి. అవి లేకపోతే పల్చటి అటుకులు ఉత్తి మూకుట్లో కరకరలాడేట్టు వేయించి, చేత్తో కాస్త నలిపి వాడవచ్చు. మా ఇంట్లో రెండో విడత అలాగే చేశాం. మా తాతయ్యకు ఓట్స్ కంటే అవే నచ్చాయి.

కాగితం ముందే పరిచి పెట్టుకోండి. పాకం దించాక వెతుక్కునే వ్యవధి ఉండదు. పంచదార, కోకో, ఉప్పు పొడిగా ఉండగానే కలపాలి. కోకోలో కొవ్వు ఉన్నది కనుక నేరుగా నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. పంచదార పలుకులు మధ్యలో చేరితే కట్టదు. తరవాత నీళ్లు, నూనె పోసి, మధ్యరకం మంట మీద కలుపుతూ మరగనివ్వాలి. పొంగు వస్తుంది, గిన్నె కొంచెం లోతుగా ఉంటే మంచిది. ఉండ పరీక్ష నెగ్గగానే దించి, వేరుశనగ ముద్ద కలిపి, అది కలిసిపోయాక ఓట్స్ వేసి గబగబా తిప్పి, చెంచాతో కాగితం మీద బిళ్లలుగా పెట్టెయ్యాలి. రెండు మూడు నిమిషాల పని. పాకం చేతిమీద పడితే మరిగే నీళ్లకంటే ఎక్కువ కాలుతుంది, అతుక్కుపోతుంది కూడా. చిన్నపిల్లలను పొయ్యి దగ్గరికి రానివ్వకండి. గంటకల్లా పైన మెరుపు తగ్గి, చేతికి అంటకుండా లేస్తాయి.

ఎలర్జీ ఉన్నవాళ్ల కోసం చేస్తుంటే గిన్నె, గరిటె, మిక్సీ జారు సబ్బుతో తోమి వాడాలి. మా ఇంట్లో గరిటెలన్నీ నెయ్యి చూసినవే కనుక నేను కొత్తది కొన్నాను. వేరుశనగ పడనివాళ్లు కూడా ఉంటారని మరవకండి, పెట్టేముందు అడగండి.

సెలవుల తరవాత ఒక డబ్బా నిండా తెచ్చాను. మా జూనియరు అట్టల ఫోటోలన్నీ నా ఫోన్లో ఒక్కొక్కటే పెద్దవి చేసి చదివింది. కోకోది, ఓట్స్‌ది, నూనెది. గరిటె గురించి అడిగింది. మిక్సీ గురించి అడిగింది. అప్పుడు ఒకటి తిని, కాసేపాగి రెండోది తీసుకుంది. నవంబరులో తన పుట్టినరోజు వచ్చింది. ఆ సాయంత్రం మా వరండాలో అందరికీ తనే పంచిపెట్టింది.

గాలి చొరని డబ్బాలో వారం రోజులు నిలవుంటాయి. వానాకాలంలో గాలిలో తేమకు మెత్తబడతాయి, అప్పుడు మూడు నాలుగు రోజుల్లో తినెయ్యటం మంచిది. డబ్బా మీద ఒక చీటీ అంటించండి, పెద్ద అక్షరాలతో: "పాలు, వెన్న, నెయ్యి లేవు. వేరుశనగ ఉంది."